ఏబీసీడీల దగ్గరే ఖాళీ అవుతున్న క్లాసు

ప్రశ్న: నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మా కాలనీ మహిళా సంఘం వాళ్లు సాయంత్రం పూట ఆడవాళ్ల కోసం ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టారు. లాడ్జీల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు, పూలమ్మేవాళ్లు, హోటళ్లలో వంటపని చేసేవాళ్లు, శ్రీసిటీ కంపెనీ బస్సు ఎక్కేవాళ్లు ముప్పై మందికి పైగా చేరారు. రెండో నెలకు సగం మంది కూడా రావడం లేదు. కొందరికి అసలు చదువే రాదు. పాఠం చెప్పేది డిగ్రీ చదివే అమ్మాయిలు. ఓపిక ఉన్న పిల్లలే కానీ, ఏబీసీడీలు దిద్దించి తర్వాత టెన్స్‌లు మొదలుపెట్టారు. వాళ్లకు రెండు రోజులు శిక్షణ ఇమ్మని నన్ను అడిగారు. పెద్దవాళ్లకు పాఠం చెప్పిన అనుభవం నాకు లేదు. ఫోనిక్స్, అంటే అక్షరాల ధ్వనులు కలుపుకుంటూ చదవడం, నేర్పించనా? క్లాసులో తెలుగు మాట్లాడొచ్చా? తల్లి వయసు వాళ్లను దిద్దడానికి ఈ పిల్లలు మొహమాటపడుతున్నారు, దానికేం చేయాలి?
— ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి

జవాబు:

టీచర్ గారూ, ఆ రెండు రోజుల్లో మీరు మాట్లాడేది రెండు గంటలకు మించకుండా చూసుకోండి. మిగతా సమయంలో ఆ పిల్లలు పాఠం చెప్పాలి, ఇంకొకరు చెప్తుంటే గమనించాలి, కాసేపు తామే ఏమీ రానివాళ్లుగా కూర్చోవాలి. వాళ్లకు ఇంగ్లీషు బాగానే వచ్చు. చదువు రాని మనిషికి ఆ పేజీ ఎలా కనిపిస్తుందో మాత్రం తెలియదు. మీరు ఎంత బాగా ఉపన్యాసం చెప్పినా అది తెలియదు.

అందుకని మొదటి రోజు పొద్దున్నే వాళ్లలో ఎవరికీ రాని భాషలో, ఎవరికీ రాని లిపిలో అరగంట పాఠం చెప్పించండి. తమిళం పనికిరాదు. తిరుపతిలో పెరిగిన పిల్లలకు అది ఎంతో కొంత వచ్చు, నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చినవాళ్లయితే చదివేస్తారు కూడా. కన్నడ లిపి మన లిపికి మరీ దగ్గర. ఒడియా గానీ బెంగాలీ గానీ అయితే సరిపోతుంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి, ఊళ్లో యూనివర్సిటీలున్నాయి. ఆ భాష వచ్చిన విద్యార్థి ఒకరు దొరక్కపోరు. మొదటి పావుగంట ఆ అమ్మాయో అబ్బాయో బోర్డు మీద అక్షరాలు వరసగా రాసి, గబగబా చదివించి, "ఇంత సులువైంది రాలేదా" అంటూ రానివాళ్లను లేపి నిలబెట్టాలి. రెండో పావుగంట బోర్డు వదిలేసి నీళ్ల సీసా, గ్లాసు, తాళంచెవి చేతిలో పట్టుకుని "ఇది తీసుకో, అక్కడ పెట్టు, నాకివ్వు" అని చేసి చూపిస్తూ చెప్పాలి. అయిపోయాక పిల్లల్ని అడగండి: ఎప్పుడు తల దించుకున్నారు, ఎప్పుడు పక్కమ్మాయి నోట్సులోకి చూశారు, ఎప్పుడు ఇంటికి పోదామనిపించింది? క్లాసు మానేసిన ఆడవాళ్ల గురించి మీరు చెప్పాలనుకున్నది చాలావరకు వాళ్ల నోటి నుంచే వస్తుంది.

తర్వాత తేల్చాల్సింది, మీ గదిలో కూర్చున్నది ఎవరన్నది. ముప్పై మందిని ఒకే క్లాసు అనుకోవడమే అసలు చిక్కు. ఏ భాషా చదవడం రానివాళ్లు కొందరు, తెలుగో తమిళమో మెల్లగా చదవగలిగినవాళ్లు కొందరు, ఏడో పదో చదివి వదిలేసినవాళ్లు కొందరు ఉంటారు. ఇది తెలుసుకోవడానికి పరీక్ష పెట్టకండి. పరీక్ష అన్న మాట వినగానే ఇంకో ఐదుగురు మానేస్తారు. ఒక శుభలేఖ, కరెంటు బిల్లు, మాత్రల షీటు బల్ల మీద పెట్టి, టీ తాగుతూ వాటి గురించి మాట్లాడమనండి. శుభలేఖ తలకిందులుగా పట్టుకున్నారా, వేలు పెట్టి కూడబలుక్కుంటున్నారా, గబుక్కున ముహూర్తం దగ్గరికి వెళ్లిపోయారా అన్నది పిల్లలు పక్కనుండి చూస్తే చాలు. "కళ్లజోడు తేలేదమ్మా" అనేవాళ్లు కొందరుంటారు. చదువు రాదని చెప్పుకోలేక ఆ మాట అనేవాళ్లున్నారు, నిజంగానే కనిపించనివాళ్లూ ఉన్నారు. నలభై దాటాక చత్వారం రావడం మామూలే. కాబట్టి క్లాసు మొదలయ్యే ముందే కంటి పరీక్ష చేయించండి. దగ్గరి చూపు అద్దాలకు పెద్ద ఖర్చు కాదు, సంఘం భరించగలదు. పాఠం రావడం లేదని మీ పిల్లలు అనుకుంటున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఆ గది ట్యూబ్‌లైటు వెలుతురులో అక్షరమే ఆనకపోయి ఉంటుంది.

ఇప్పుడు కొంచెం కటువుగా అనిపించే మాట చెప్తాను. ఏ భాషా చదవడం రాని మనిషికి ఇంగ్లీషు అక్షరాలతో చదువు మొదలుపెట్టకూడదు. ఆమెకు ఇంగ్లీషు మాటలు నేర్పండి, చదవడం మాత్రం తెలుగులో నేర్పండి, తమిళం మాట్లాడే ఇల్లయితే తమిళంలో. ఎందుకంటే ఆమె "నీ–ళ్లు" అని కూడబలుక్కుని చదివిందనుకోండి, ఆఖరి అక్షరం పలకగానే చెవికి తెలిసిన మాట వినిపిస్తుంది. తను చదివింది సరైనదే అని ఎవరూ చెప్పక్కర్లేదు. అదే "వాటర్" అన్న ఐదు అక్షరాల ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడబలుక్కుంటే చివరికి ఏమీ వినిపించదు. ఎవరో వచ్చి ఇది ఫలానా మాట అని చెప్పాలి, ఆ మాటకు అర్థమూ చెప్పాలి. ఒకేసారి రెండు బరువులు. ఒక భాషలో చదవడం వచ్చాక ఆ నేర్పు రెండో భాషకు కూడా పనికొస్తుంది, చదవడమంటే ఏమిటో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. తొలి చదువు మాతృభాషలో ఉండాలని యునెస్కో 1953లోనే చెప్పింది. అక్షరం రానివాళ్లకు తెలుగు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ కార్యక్రమం ఉంది. పదిహేనేళ్లు దాటినవాళ్లెవరైనా చేరొచ్చు, చెప్పేవాళ్లూ వాలంటీర్లే. మీ పిల్లలు అందులో పేరు నమోదు చేసుకుంటే ఆ పని కూడా ఒక పద్ధతిలో సాగుతుంది.

"మేం ఇంగ్లీషు కోసం వస్తే తెలుగు దిద్దిస్తారా" అని ఆ ఆడవాళ్లు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. కాబట్టి ప్రతి రోజూ ఇంగ్లీషు మాట్లాడించే పాఠం అందరికీ కలిపి ముందు పెట్టండి. చదివే పాఠానికి మాత్రం గుంపులుగా విడిపోవాలి. ఒకే గదిలో పలు స్థాయిల వాళ్లకు చెప్పడం కొత్త సంగతి కాదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో మెట్లుమెట్లుగా కార్డులు పెట్టి, ఎవరి మెట్టు మీద వాళ్లు ముందుకు పోయే పద్ధతి నడిపారు. పిల్లల కోసం చేసిందే అయినా, నాలుగు రోజులు పనిమీద పోయి ఐదో రోజు వచ్చే పెద్దవాళ్లకు అది ఇంకా బాగా నప్పుతుంది. ఆగిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

ఫోనిక్స్ సంగతి అడిగారు. నేర్పించండి, కానీ తెలుగు చదవడం వచ్చినవాళ్లకే, నెమ్మదిగా. మాటను విడివిడి ధ్వనులుగా విరగ్గొట్టడం మనకు సహజంగా వస్తుందనుకుంటాం. అది చదువుతో వచ్చిన నేర్పు. 1979లో మొరాయిస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పోర్చుగల్‌లో చదువు రాని పెద్దవాళ్లను పరీక్షించారు. మాటలో మొదటి ధ్వని తీసేసి మిగిలింది పలకమంటే వాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. అలాంటి నేపథ్యం నుంచే వచ్చి, పెద్దయ్యాక చదవడం నేర్చుకున్నవాళ్లు మాత్రం చాలావరకు చేయగలిగారు. తెలివిలో తేడా లేదు, అక్షరం పరిచయంలోనే తేడా. మనవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లకు కూడా చిన్న చిక్కుంది. "బస్సు" విరగ్గొట్టమంటే "బ, స్సు" అంటారు, "బ్, అ, స్" అనరు. మన లిపి అలా అలవాటు చేసింది. అయితే ఆ లిపిలోనే దారి కూడా ఉంది: పొల్లు. "క్, ట్, ప్" అని పొల్లు పెట్టి రాస్తే అచ్చు లేని హల్లు ఎలా ఉంటుందో తెలుగు చదివిన మనిషికి వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీషు అక్షరం కింద ఆ పొల్లు అక్షరం రాయించండి. "బీ, ఏ, టీ" అని ఎన్నిసార్లు వల్లించినా "బ్యాట్" రాదు కానీ "బ్, యా, ట్" అంటే వస్తుంది. డబ్ల్యూ పేరులో దాని ధ్వని జాడ కూడా లేదు! అక్షరాల పేర్లు వద్దనడం లేదు, ఫోన్లో ఎవరైనా స్పెల్లింగ్ చెప్తే రాసుకోవడానికి కావాలి. అవి తర్వాత.

క్యాపిటల్ అక్షరాలు ముందా, చిన్నవి ముందా అని మీ పిల్లలు వాదించుకుంటారు. స్కూలు పిల్లలకైతే నేను చిన్నవే ముందంటాను. వీళ్లకు మాత్రం బోర్డుల మీద, ఫారాల మీద కనిపించేవి ఎక్కువగా క్యాపిటల్ అక్షరాలే కాబట్టి అవే ముందు. రెండూ ఒకే వారంలో వద్దు. కలిపిరాత ఊసే వద్దు.

చదువు అసలు రాని గుంపు కూడా ఇంగ్లీషులో కొన్ని మాటలు బొమ్మల్లా గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు. వాటిని ఎంచడంలో మీ పిల్లల తెలివి కనపడాలి. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లో "క్రెడిటెడ్" అని ఉంటే డబ్బు వచ్చినట్టు, "డెబిటెడ్" అని ఉంటే పోయినట్టు. మొదటి అక్షరం సీ ఆ, డీ ఆ అన్నది చూస్తే చాలు. డ్వాక్రా లోను కిస్తీ కట్టే మనిషికి ఈ ఒక్క పాఠంతో క్లాసు మీద గురి కుదురుతుంది. మాత్రల షీటు మీద ఎక్స్‌పైరీకి వాడే మూడక్షరాలు, దాని పక్కన నెల, సంవత్సరం అంకెలు. కంపెనీలో పనిచేసేవాళ్లకు "డేంజర్", "ఎగ్జిట్". తలుపుల మీద "పుష్", "పుల్" కూడా, కాకపోతే రెండూ ఒకే రోజు చెప్పకండి. రెండింటికీ మొదటి రెండక్షరాలు ఒకటే, తికమక పడతారు.

ఇక మాట్లాడటం. ఈ ఆడవాళ్లకు ఇంగ్లీషు రాదన్న మాటను శిక్షణలో ఎవర్నీ అననివ్వకండి. ఒక మధ్యాహ్నం మీ పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్లి వాళ్ల పని దగ్గర కూర్చుని, వాళ్లు తెలుగులో కలిపి వాడే ఇంగ్లీషు మాటలన్నీ రాసుకు రావాలి. టవల్, సోప్, బెడ్‌షీట్, గీజర్, లిఫ్ట్, చెకౌట్, అడ్వాన్స్, బ్యాలెన్స్, రీచార్జ్, సిగ్నల్, షుగర్, బీపీ, స్కానింగ్, షిఫ్టు, ఓవర్‌టైమ్. నోట్సులో పేజీలు నిండుతాయి. పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి. టవల్ అన్న మాట ఎలాగూ వచ్చు, దాని చుట్టూ "టవల్ కావాలా సార్", "కొత్త టవల్ తెస్తాను", "గీజర్ పనిచేయడం లేదు, మేనేజర్‌కి చెప్తాను" అనే మూడు మాటలు ఇంగ్లీషులో ఎలా అనాలో నేర్పితే అది రేపు పొద్దున పనికొస్తుంది. ఉత్తరాది నుంచి వచ్చే యాత్రికులతో మన లాడ్జీల ఆడవాళ్లు ఇప్పటికే హిందీ, తమిళం, సైగలు కలిపి నెట్టుకొస్తున్నారు. ఇన్ని భాషల మధ్య బేరం తెగ్గొట్టగల మనిషిని ఏ ఫర్ యాపిల్ బొమ్మల చార్ట్ ముందు కూర్చోబెట్టడం నాకైతే అవమానంగా తోస్తుంది. గోడ మీద అదేమైనా ఉంటే ముందు తీసేయించండి. రైమ్స్ కూడా వద్దు.

బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరే అనే విద్యావేత్త చేసింది ఇలాంటిదే. 1963లో అంజికోస్ అనే ఊళ్లో మూడు వందల మంది కూలీలకు వాళ్ల బతుకులోని మాటలతోనే దాదాపు నలభై గంటల్లో చదవడం, రాయడం నేర్పారు. మన పక్క జిల్లా నెల్లూరులో 1990ల మొదట్లో అక్షరాస్యత పాఠాల్లో సారా గొడవ చదివిన ఆడవాళ్లే దూబగుంటలో సారా అంగడి మూయించారు. పాఠంలో తమ సంగతి ఉంటే మనుషులు వస్తారు. అయితే ఫ్రెయిరే నలభై గంటల కథ చెప్పి ఎవరైనా మీ సంఘానికి "నలభై రోజుల్లో ఇంగ్లీషు" బోర్డు పెట్టిస్తానంటే ఒప్పుకోకండి. ఆ కూలీలు నేర్చుకున్నది తాము పుట్టినప్పటి నుంచీ మాట్లాడే భాష చదవడం. మన జాతీయ సాక్షరతా మిషన్ కూడా మూడు వాచకాలతో సొంత భాషలో అక్షరాస్యతకు సుమారు 200 గంటలు అనుకుంది. వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటల లెక్కన చూస్తే అదే ఎనిమిది నెలలు.

క్లాసులో తెలుగు మాట్లాడొచ్చా అన్నారు. మాట్లాడాలి. ఏం చేయాలో తెలుగులో చెప్పి, ఇంగ్లీషు వాళ్ల చేత మాట్లాడించాలి. ఇప్పుడు చాలా చోట్ల జరుగుతున్నది దీనికి తలకిందులు. టీచరు గంటసేపు ఇంగ్లీషులో చెప్తుంది, నేర్చుకునేవాళ్లు "ఎస్ మేడమ్" అంటారు.

దిద్దడం గురించి. ఇరవై ఏళ్ల అమ్మాయి నలభై ఐదేళ్ల మనిషిని "తప్పు" అనాలంటే మొహమాటం ఉంటుంది, ఉండటమే మంచిది. తప్పు అనక్కర్లేదు. ఆమె "ఐ టవల్ బ్రింగ్" అంటే అమ్మాయి తలూపి "ఆఁ అక్కా, ఐ విల్ బ్రింగ్ ఎ టవల్" అని మామూలుగా తిరిగి అనాలి. ఆమె వింటుంది, రెండు మూడు సార్లకు పట్టుకుంటుంది. "బస్సు, బుక్కు" అని చివర అచ్చు కలిపి పలికితే వదిలేయండి, అందరికీ అర్థమవుతుంది. అర్థం మారిపోయే చోట మాత్రం వదలొద్దు. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" తేడా రాకపోతే మూర పూల దగ్గర గొడవ, గది నంబరు దగ్గర గొడవ. పెద్ద పెద్ద టీచర్లకే చెవికి సరిగా అందని తేడా అది. పలకడం మీద కుస్తీ పట్టకుండా, "వన్ ఫైవ్? ఫైవ్ జీరో?" అని వెనక్కి అడగడం నేర్పండి. ఇంకొకటి, పిల్లలు వాళ్లను అక్కా అనో అమ్మా అనో పిలవాలి. పేరు పెట్టి హాజరు పిలవడం, బోర్డు దగ్గరికి రమ్మనడం, లేచి నిలబడమనడం ఉండకూడదు. ఆ ఆడవాళ్లు ఈ పిల్లల్ని "మేడమ్" అన్నా "పాపా" అన్నా వాళ్లిష్టం.

రెండో రోజు మొత్తం పాఠం చెప్పించడానికే. మీ క్లాసుకు వచ్చే ఆడవాళ్లలో ముగ్గురు నలుగురిని రమ్మనండి. ఆ పూట కూలి పోతే సంఘం ఇవ్వాలి, ఇది మొహమాటపడే విషయం కాదు. ఒక్కో అమ్మాయి పది నిమిషాలు పాఠం చెప్పాలి. మిగతావాళ్లు "బాగుంది, బాగాలేదు" అని రాయకుండా ఒకే ఒక్క సంగతి గమనించాలి: ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగింది? అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో క్లాసురూముల్లో దీన్ని కొలిచారు. టీచర్లు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు నోరు విప్పనివాళ్లు మాట్లాడారు. మీ పిల్లలకు ఆ మూడు సెకన్లు భరించడం చాలా కష్టమవుతుంది, చూడండి. జవాబు తామే అందించేస్తారు. మనసులో "ఏడుకొండలవాడా" అని మెల్లగా రెండుసార్లు అనుకోమనండి, సరిపోతుంది.

నిజానికి రెండు రోజులూ వరసగా పెట్టొద్దనే చెప్తాను. ఒక రోజు ఇప్పుడు, రెండో రోజు నెల తర్వాత. మధ్యలో వారానికోసారి గంటసేపు అందరూ కలిసి ఆ వారం ఏం జరిగిందో చెప్పుకోవాలి, మీరు ఒకరి క్లాసులో వెనక కూర్చుని చూడాలి. ఒక్కసారి శిక్షణ ఇచ్చి వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్లీ ఏబీసీడీలకే వెళ్లిపోతారు. వాళ్లకు బళ్లో అలాగే చెప్పారు మరి.

హాజరు గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది. బ్రహ్మోత్సవాలప్పుడు, తమిళుల పెరటాసి నెల శనివారాల్లో లాడ్జీల్లో ఊపిరాడని పని. మే నెలలో గంగమ్మ జాతర. మామిడి కాలంలో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేవాళ్లుంటారు. ఆ వారాల్లో క్లాసుకు రాలేదని వాళ్లకు శ్రద్ధ లేదనుకుంటే పొరపాటు. ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తయ్యేలా పిల్లల చేత రాయించండి. శ్రీసిటీ బస్సులో పోయేవాళ్లకు ఆ రోజు నేర్పిన నాలుగు మాటలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే దారి పొడవునా వినుకుంటూ పోతారు. రాని అక్షరాల జోలి అక్కర్లేదు.

ఒక్కరో ఇద్దరో "నాకివన్నీ వద్దు, ఇంగ్లీషులో సంతకం పెట్టడం నేర్పితే చాలు" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. నేర్పించండి. వాళ్లను ఒప్పించి పూర్తి కోర్సులో కూర్చోబెట్టాలని పిల్లలు చూస్తారు, వద్దనండి. సంతకం వచ్చాక కొందరు ఆగిపోతారు, కొందరు పక్క కార్డు ఏమిటని అడుగుతారు.

ఆ ఒడియా పాఠం చెప్పే విద్యార్థిని మాత్రం ఈ వారమే మాట్లాడి పెట్టుకోండి. సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే ఎవరూ దొరకరు.